ఆదివారం బిళ్ళ

ముందు నేను చేసిన తప్పు చెప్పేసి, తర్వాత ఆయన కథలోకి వెళ్తాను. ఆ తప్పు చేయకపోయి ఉంటే ఎల్లాప్రగడ సుబ్బారావు అన్న పేరు నాకు పోటీ పరీక్షల్లో వచ్చే ఒక జీకే బిట్టుగానే మిగిలిపోయేది.

బీటెక్ రెండో సంవత్సరం, సంక్రాంతి సెలవులు. రాజోలు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. అప్పటికి ఏడాది పైనుంచి అమ్మమ్మకి కీళ్ళవాతం. పెద్ద వయసులో అందరికీ వచ్చే మోకాళ్ళ నొప్పి కాదు. రెండు చేతుల వేళ్ళూ కణుపుల దగ్గర ఉబ్బి, పొద్దున్న లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. మా వైపు పొట్టిక్కలు వండాలంటే ముందు పనసాకులతో బుట్టలు కుట్టాలి. నాలుగేసి ఆకులు పేర్చి కొబ్బరి ఈనె ముక్కలతో గుచ్చాలి. అమ్మమ్మ కబుర్లు చెబుతూ చెబుతూ, చేతివంక చూడకుండా యాభై బుట్టలు కుట్టేసేది. ఆ ఏడు సంక్రాంతికి ఒక్కటీ కుట్టలేకపోయింది. ఈనె పట్టుకుంటే వేళ్ళు జారిపోయేవి.

పండక్కి ముందే డాక్టరు గారు కొత్త మందు రాశారు. వారానికి ఒక్కరోజు, ఆదివారం నాడు, మూడు పసుప్పచ్చ బిళ్ళలు. మర్నాడు ఒక ఫోలిక్ యాసిడ్ బిళ్ళ. బీపీ మందులు, కాల్షియం రోజూ ఉండేవే. అన్నీ కలిసి గందరగోళంగా ఉన్నాయని నేను ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీట్ చేశాను. తెలుగు అక్షరాల్లో, పెద్ద సైజులో, రంగులు కూడా వేసి. ఎక్సెల్లో గడి మూల పట్టుకుని లాగితే వరస మొత్తం నిండిపోతుంది కదా. బీపీ బిళ్ళ వరస అలా లాగాను. కాల్షియం వరస లాగాను. అదే ఊపులో పసుపు బిళ్ళల వరస కూడా ఆదివారం నుంచి శనివారం దాకా లాగేశాను. రాజోల్లో ప్రింట్ తీయించి బీరువా తలుపుకి అంటించి, చాలా గొప్ప పని చేసినట్టు హాస్టల్‌కి వచ్చేశాను.

తొమ్మిదో రోజున అమ్మ ఫోను. అమ్మమ్మ నోరంతా పూసింది, గంజి కూడా మింగలేకపోతోంది, జ్వరం. అమలాపురం తీసుకెళ్తే రక్తపరీక్ష చేసి కాకినాడ పంపారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి. అక్కడ ఒక కుర్ర డాక్టరు గారు బిళ్ళల స్ట్రిప్పులు లెక్కపెట్టి, ఎలా వేసుకున్నారని అడిగితే అమ్మ నా షీటు ఫోటో చూపించింది. ఆయన ఏమీ అనలేదట. వెంటనే ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. పన్నెండు రోజులకి అమ్మమ్మ ఇంటికొచ్చింది. షీటు ఎవరు చేశారో ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని అమ్మకి చెప్పిందట.

ఆ పన్నెండు రోజులూ నేను క్లాసుల్లో ఫోను కింద పెట్టుకుని చదివింది ఒక్కటే. అమ్మమ్మని పడేసిన మందేమిటి, లేపిన మందేమిటి. పడేసినది మెథోట్రెక్సేట్. దానితోపాటు వేసుకోమన్నది ఫోలిక్ యాసిడ్. లేపినది ఫోలినిక్ యాసిడ్, అంటే ఫోలిక్ యాసిడ్ దగ్గర చుట్టం. మొదటి రెంటి చరిత్రా వెనక్కి తవ్వుకుంటూ పోతే అమెరికాలో ఒకే ల్యాబు దగ్గర, ఒకే మనిషి దగ్గర ఆగాయి. ఆ మనిషిది మా చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే వచ్చే భీమవరం.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల ఇల్లు, జరుగుబాటు అంతంతమాత్రం. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించేద్దామని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెనక్కి పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు పోయింది, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మన బ్యాచ్‌లో బ్యాక్‌లాగులున్న వాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. అక్కడ చదువుకి స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సాయం చేశారు. ఆయన కూతురు శేషగిరి గారినే తర్వాత పెళ్ళి చేసుకున్నారు. గాంధీ గారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్తే ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్. ఒక గౌను గుడ్డకి అంత ఖరీదు. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పనిలో చేరారు.

ఈ మధ్యలోనే ఆయన జీవితాన్ని తిప్పిన సంగతి జరిగింది. అన్నగారు ఒకరు, తమ్ముడు ఒకరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం నీరై మనిషి కరిగిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఆ జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది, కానీ బతికి బయటపడ్డారు. చికిత్స చేసింది ఆ లక్ష్మీపతి గారే. ఇద్దరు పోయి తానొక్కడు మిగిలిన మనిషికి మనసులో ఏముంటుందో ఊహించడానికి నాకు ఆ పన్నెండు రోజుల అనుభవం కొంచెం సాయపడింది. అంతకుమించి ఊహించను.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు పోగుచేసిన డబ్బు పట్టుకుని 1920ల మొదట్లో బోస్టన్‌లో దిగారు. భార్య గర్భవతి, ఇండియాలోనే ఉండిపోయారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. తిండికీ గదికీ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పళ్ళాలు శుభ్రం చేసే పని చేశారు. పగలు సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర బయోకెమిస్ట్రీ. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగుని బట్టి లెక్కగట్టే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. ఆ కొలతలోంచే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1927లో. తర్వాత 1929లో ఏటీపీ. మన శరీరంలో ప్రతి కణం ఖర్చు పెట్టే చిల్లర డబ్బు అది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో ఆ లోమన్ పేరు ఉండదు, నోబెల్ కొట్టేశారన్న ఏడుపే ఉంటుంది. నాకు ఆ ఏడుపు మీద ఆసక్తి లేదు. ఏటీపీ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, అమ్మమ్మ బిళ్ళ దగ్గర మళ్ళీ కావాలి.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం రాలేదు. పదేళ్ళు ఎదురుచూసి 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్ళారు. అది మందుల కంపెనీ. అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యారు. ఇక్కడి నుంచి ఎనిమిదేళ్ళే ఉన్నాయి ఆయన చేతిలో.

మొదట పట్టుకున్నది ఫోలిక్ యాసిడ్. బొంబాయిలో మిల్లు కార్మికుల ఇళ్ళల్లో గర్భిణులకి వచ్చే రక్తహీనతని చూసి, ఈస్ట్‌లో ఏదో ఉంది, అది ఇస్తే తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1931లోనే చెప్పింది. ఆ ఏదో ఏమిటో తేల్చి, 1945 నాటికి ల్యాబులో తయారుచేసింది సుబ్బారావు గారి బృందం. ఆ తయారైన పదార్థాన్ని స్ప్రూ రోగులకి ఇచ్చి చూస్తే రక్తం పట్టి లేచి కూర్చున్నారు. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన జబ్బుకి మందు ఇరవై ఏళ్ళు పైబడ్డాక ఆయన ల్యాబులోంచే వచ్చింది.

తర్వాత కథ తలకిందులైంది. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పెరిగినట్టు అనిపించింది. కొత్త కణం పుట్టాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏకి ఫోలిక్ యాసిడ్ కావాలి. అలాంటప్పుడు ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకుని, దాని కుర్చీలో కూర్చుని, పని మాత్రం చేయని పదార్థం ఇస్తే? లెడర్లీలో అలాంటి దొంగ తాళంచెవులు తయారయ్యాయి. అమినోప్టెరిన్ ఒకటి, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. ఫార్బర్ అమినోప్టెరిన్ ఇచ్చిన పదహారు మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది.

అమ్మమ్మ నోరు ఎందుకు పూసిందో నాకు ఇక్కడ అర్థమైంది. నోటి లోపలి పొర, ఎముకల్లో మూలుగ, ఈ రెండూ రోజూ కొత్త కణాల్ని పుట్టిస్తూ ఉండాలి. రోజూ దొంగ తాళంచెవి వేస్తే ఆ రెండే ముందు మూతపడతాయి. ఫోలినిక్ యాసిడ్ ఆ మూతపడ్డ తలుపు జోలికి పోకుండా పెరటి దారిలో లోపలికి వెళ్తుంది. నేను లాగిన ఆ ఎక్సెల్ వరసకి అర్థం, క్యాన్సర్ మందుని డెబ్బై ఏళ్ళ మనిషికి తొమ్మిది రోజులు వరసగా పట్టించడం.

మరి క్యాన్సర్ మందు కీళ్ళవాతానికి ఎందుకు? దీనికి కొంచెం ఓపిక పట్టాలి.

వేలికి ఈనె గుచ్చుకుంటే ఏమవుతుంది? ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది. మనం వాపు అనేసి ఊరుకుంటాం. నిజానికి అక్కడ ఒక పద్ధతి ప్రకారం పని జరుగుతోంది. చర్మం కింద కాపలా ఉండే పెద్ద తెల్లకణాలు ఏదో తేడా జరిగిందని గ్రహించి రసాయనాలు వదులుతాయి. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ఇలాంటివి. రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడలు కాస్త సందులు ఇస్తాయి, నీరూ మిగతా తెల్లకణాలూ బయటికి వస్తాయి. చచ్చిన కణాల్లోంచి చిందిన ఏటీపీ కూడా ఒక కేకే. లోపల ఉండాల్సిన డబ్బు వీధిలో పడి ఉంటే ఇల్లు బద్దలైందనే కదా అర్థం. పని అయిపోయాక ఆపండి అన్న సంకేతాలు వెళ్తాయి, నాలుగు రోజుల్లో వేలు మామూలవుతుంది.

కీళ్ళవాతంలో ఈనె లేదు. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంలోని ప్రోటీన్లనే పరాయివనుకుని, కీలు లోపలి పొరలోకి దిగి కూర్చుంటుంది. కణం టీఎన్‌ఎఫ్ వదులుతుంది, అది పక్క కణాన్ని లేపుతుంది, ఆ కణం మళ్ళీ టీఎన్‌ఎఫ్ వదులుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అని చదివాం చూడండి, అదే. ఆ రసాయనాలు కీలు దగ్గరే ఆగవు, రక్తంలో పడి ఊరంతా తిరుగుతాయి. కాలేయానికి చేరితే అది సీఆర్‌పీ తయారుచేస్తుంది, అమ్మమ్మ రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో వచ్చేది అదే. ఇనుముని గోదాముల్లో బిగించి తాళం వేయిస్తాయి, తోటకూర ఎంత తిన్నా రక్తం పట్టదు. మెదడుకి చేరితే నీరసం, దిగులు. ఏళ్ళ తరబడి రక్తనాళాల గోడల్ని గీకుతూ ఉంటే గుండెపోటు అవకాశం పెరుగుతుంది. అమ్మమ్మ ఊరికే మంచమెక్కి పడుకుంటోందని చుట్టాలు వంకాయ మానేయమనీ, గుమ్మడికాయ మానేయమనీ సలహాలు ఇచ్చారు. ఆవిడ బద్ధకించి పడుకోలేదు. వేళ్ళ కణుపుల్లో మొదలైన మంట ఒళ్ళంతా తిరుగుతోంది.

1951లో రిచర్డ్ గబ్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళూ అమినోప్టెరిన్‌ని కొద్ది మోతాదులో కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి, సోరియాసిస్ ఉన్నవాళ్ళకి ఇస్తే మేలు కనిపించింది. అప్పుడే కార్టిజోన్ కొత్తగా వచ్చి అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ ఎనభైల్లో పెద్ద పరీక్షలు జరిగి, 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ అనుమతి పొందింది. వారానికోసారి, చిన్న మోతాదు.

ఆ చిన్న మోతాదులో అది కణాల్ని చంపి పనిచేయదని ఎక్కువమంది చెప్పే మాట. కణాల్లో ఒక మెట్టు దగ్గర అడ్డుపడి, అడెనోసిన్ అనే పదార్థం బయటికి పోగయ్యేలా చేస్తుంది. అడెనోసిన్ వెళ్ళి తెల్లకణాల మీది గ్రాహకాలకి తగిలితే అవి నెమ్మదిస్తాయి, టీఎన్‌ఎఫ్ వదలడం తగ్గుతుంది. ఏటీపీలో మొదటి అక్షరం ఈ అడెనోసినే. అడెనోసిన్‌కి మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తే ఏటీపీ. మూడూ ఊడిన మొండెం అడెనోసిన్. వీధిలో పడ్డ ఏటీపీ వాపుని రెచ్చగొడుతుంది, దానిలోంచే విడిపోయిన అడెనోసిన్ దాన్ని జోకొడుతుంది. 1929లో సుబ్బారావు గారు కండరంలోంచి బయటికి తీసిన వస్తువు, లెడర్లీలో తయారుచేయించిన మందు, రెండూ కలిసి పనిచేస్తాయని ఆయనకి తెలిసే వీలే లేదు. ఇది చదివిన రోజు రాత్రి హాస్టల్లో రూమ్మేట్‌ని లేపి మరీ చెప్పాను. వాడు తిట్టి పడుకున్నాడు.

ఇంతవరకూ అమ్మమ్మ సంగతి. ఇప్పుడు తాతయ్య.

తాతయ్యకి బోదకాలు. కుడికాలు మోకాలి కింద నుంచి ఏనుగు పాదంలా ఉండేది. ఏడాదికి నాలుగైదుసార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, వణికే జ్వరం వచ్చి, రెండు రోజులు దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మా వైపు ప్రతి వీధిలోనూ ఒకప్పుడు అలాంటి కాలు ఒకటుండేది. కాలువలూ, మురుగు గుంటలూ, క్యూలెక్స్ దోమలూ ఉన్న చోట ఫైలేరియా ఉంటుంది. రాజమండ్రిలో ఆ జబ్బు కోసం ప్రత్యేకంగా కేంద్రప్రభుత్వ శిక్షణ, పరిశోధనా కేంద్రం ఉందంటే మన గోదావరి ప్రాంతం పేరు ఎంత మోగిందో చూడండి.

కోనసీమ వాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. పొలానికి పంటకాలువ నీళ్ళిస్తుంది, వాడిన నీళ్ళని మురుగుకాలువ తీసుకెళ్తుంది. ఒంట్లో రక్తనాళాలు పంటకాలువలైతే లింఫ్ నాళాలు మురుగుకాలువలు. మురుగుకాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే చేను మునుగుతుంది. ఫైలేరియా పురుగులు ఆ మురుగుకాలువల్లోనే కాపురం పెడతాయి. వింత ఏంటంటే, బతికున్నన్నాళ్ళూ అవి రోగనిరోధక వ్యవస్థని నిద్రపుచ్చి ఉంచుతాయి. లక్షల పిల్లల్ని రక్తంలోకి వదులుతున్నా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. పురుగు చచ్చినప్పుడు ఆ జోలపాట ఆగుతుంది. తెల్లకణాలు ఒక్కసారిగా మీదపడతాయి. గజ్జల్లో బిళ్ళ, జ్వరం, ఎర్రటి చార అప్పుడే. అలా పదే పదే జరిగి లింఫ్ నాళాలు పాడవుతాయి, పైన చర్మం పగుళ్ళలో బాక్టీరియా చేరుతుంది, కాలు పెరిగిపోతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికులు ఈ జబ్బు తగిలించుకుని వచ్చారు. దాంతో అమెరికాకి దీని మీద శ్రద్ధ పుట్టింది. లెడర్లీలో ఒక జాతి ఎలుకల్లో పెరిగే ఫైలేరియా పురుగు మీద రకరకాల రసాయనాలు ప్రయోగించి చూశారు. 1947లో హెట్రజాన్ బయటపడింది. అసలు పేరు డైఇథైల్‌కార్బమజైన్. పొట్టిగా డీఈసీ. మన బళ్ళలో ఏడాదికోసారి పంచిన బోదకాలు బిళ్ళ అదే.

ఈ డీఈసీ గురించి చదివినప్పుడు ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. గాజు గిన్నెలో పురుగు పిల్లల మీద పోస్తే అది పెద్దగా ఏమీ చేయదు. ఒంట్లోకి వెళ్తే మాత్రం కొద్దిసేపట్లో రక్తంలోంచి అవి మాయమవుతాయి. అంటే చంపే పనిలో మన సొంత రోగనిరోధక వ్యవస్థదే పెద్ద చెయ్యి. బిళ్ళ వేసుకున్న రోజు కొందరికి జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చేది అందుకే. లోపల పురుగు పిల్లలు ఎక్కువ ఉన్నవాళ్ళకి జ్వరం ఎక్కువ. మా బళ్ళో ఈ బిళ్ళ పంచినప్పుడు జ్వరం వస్తుందని భయపడి, నోట్లో దాచుకుని, కిటికీలోంచి ఊసేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇంటికొచ్చి గొప్పగా చెబితే తాతయ్య ఏమీ అనకుండా తన కాలు వంక చూసుకున్నాడు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

ఒక ల్యాబు, ఏడాది రెండేళ్ళ తేడా. ఒక మందు నిద్రపోతున్న రోగనిరోధక వ్యవస్థ చేత పని చేయించి తాతయ్య జబ్బుకి అడ్డుకట్ట వేస్తుంది. ఇంకొకటి నిద్రపట్టక తిరుగుతున్న అదే వ్యవస్థని పడుకోబెట్టి అమ్మమ్మ వేళ్ళని కాపాడుతుంది. సుబ్బారావు గారు వాపు మీద పరిశోధన చేసిన మనిషి కాదు. ఆయన వెతికింది రక్తహీనతకీ, స్ప్రూకీ, క్యాన్సర్‌కీ, పురుగులకీ మందులు. ఆ వెతుకులాటలో రెండు చివర్లూ ఆయన చేతికి తగిలాయి.

ఒక్కడే చేశాడని నేను అనను. ల్యాబులో పదుల మంది ఉన్నారు, పేపర్ల మీద వాళ్ళ పేర్లే ముందుంటాయి, ఆయన పేరు చాలావాటి మీద లేనేలేదు. ఆరియోమైసిన్ కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన పెద్దాయన, ఆయన పనిచేసింది సుబ్బారావు గారి విభాగంలో. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఆ జాతి మందే డాక్సీసైక్లిన్, ఫైలేరియా పురుగు కడుపులో ఉండే బాక్టీరియాని చంపి పురుగుని కూడా దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. ఇదీ మా తాతయ్య ఖాతాలోకే.

1948 ఆగస్టులో, ఫార్బర్ పేపర్ వచ్చిన రెండు నెలలకి, నిద్రలో గుండె ఆగి పోయారు. యాభైమూడేళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఇండియాకీ తిరిగి రాలేదు. శతజయంతి ఏడాది, 1995లో, మన ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. అంతకుముందే అమెరికాలో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదికి అమ్మమ్మకి వీడియోకాల్ చేస్తాను. మూడు బిళ్ళలూ అరచేతిలో పెట్టి చూపించి మింగుతుంది. మిగతా ఆరు రోజులూ ఆ స్ట్రిప్పు అమ్మ దగ్గర, తాళం వేసిన పెట్టెలో. షీటు ఎప్పుడో చింపేశారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ మళ్ళీ పనసాకులు ముందేసుకుని కూర్చుంది. ఒకప్పటి వేగం లేదు, ఒక వేలు వంకరగానే ఉండిపోయింది, కానీ ఈనె జారడం లేదు. పక్కన కూర్చుని ఆయన కథ మొత్తం చెప్పాను. ఇంటిపేరు అడిగింది. భీమవరంలో ఎవరి తాలూకు అని అడిగింది. ఏటీపీ దగ్గర ఆవులించింది. స్ప్రూతో అన్నదమ్ములు పోయిన సంగతికి నిట్టూర్చింది.

తర్వాత మరి ఆవిడ ఏమయిందిరా అని అడిగింది. ఎవరంటే, ఆయన భార్య అంది. గర్భంతో ఉండగా ఆయన ఓడెక్కారనీ, పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడనీ, ఆ పిల్లాణ్ణి ఆయన చూడనే లేదనీ, పాతికేళ్ళు ఉత్తరాలే తప్ప ఆవిడ ఆయన్ని మళ్ళీ చూడలేదనీ చెప్పాను. అమ్మమ్మ చేతిలో ఈనె అలాగే ఆగింది. కాసేపటికి, రుబ్బిన పిండి పులిసిపోతోంది, ఆ బుట్టలిలా అందుకోమంది.